బావి అడుగు వేడిని తట్టుకునే బోర్డు: కొనాలా, చేయాలా, చేస్తే ఏ దారిలో?

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చమురు తీసే బావులు లేవు. అయినా ఈ విషయం మీద ఇక్కడి నుంచి నాకు ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. రాజమహేంద్రవరం, నరసాపురం వైపు బావుల దగ్గర, గల్ఫ్ దేశాల్లో పనిచేసి వచ్చిన మన వాళ్లలో కొందరు సొంతూళ్లో చిన్న యూనిట్ పెట్టాలనుకుంటున్నారు. రాజాం, టెక్కలి, విజయనగరం కాలేజీల ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు కొందరు ఈ పనినే చివరి ఏడాది ప్రాజెక్టుగా తీసుకుంటున్నారు. అందరూ అడిగేది ఒకటే: “బావి అడుగున పీడనం, ఉష్ణోగ్రత కొలిచే పరికరానికి బోర్డు మేమే చేద్దామనుకుంటున్నాం సార్, ఏ చిప్పులు కొనమంటారు?”

చిప్పుల ఎంపిక చివరి మెట్టు. దానికి ముందు దారి ఎంచుకోవాలి. ఆ దారులు ఆరున్నాయి. మామూలు చిప్పులను ఓవెన్‌లో పెట్టి ఏరుకోవడం, బోర్డును ఫ్లాస్కులో దాచడం, వేడికోసమే తయారైన చిప్పులతో బోర్డు కట్టడం, విడి డైలతో (ప్యాకేజీ లేని చిప్పు ముక్కలతో) సిరామిక్ మీద హైబ్రిడ్ చేయించడం, సొంత ఐసీ (చిప్పు) చేయించడం, అసలు ఎలక్ట్రానిక్సే కిందికి దించకపోవడం. విజయనగరంలో కొలత పరికరాల బోర్డులు డిజైన్ చేసే పనిలో ఉన్నవాడిగా, ఏది ఎవరికి సరిపోతుందో నాకు తెలిసినంత మేర చెబుతాను.

డిగ్రీల కంటే గంటలు ముఖ్యం

అడగవలసిన ప్రశ్నలు మూడు. బావి అడుగున ఎంత వేడి? పరికరం ఆ వేడిలో మొత్తం ఎన్ని గంటలు ఉండాలి? పాడైతే పైకి తీయగలమా? మన వాళ్లు మొదటిది మాత్రమే అడిగి ఊరుకుంటారు. బేరం కుదిర్చేది రెండోది, పరువు నిలిపేది మూడోది.

వేడి లెక్క సులభమే. భూమిలోకి దిగుతున్నకొద్దీ కిలోమీటరుకు సగటున 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. పైన 30 డిగ్రీలుంటే నాలుగు కిలోమీటర్ల లోతున 130 నుంచి 150 ఉంటుంది. ప్రాంతాన్ని బట్టి ఇది మారుతుంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని లోతైన బావులు అధిక పీడనానికీ అధిక ఉష్ణోగ్రతకూ పేరుపడ్డవి. 150 డిగ్రీలు, 10,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో పీడనం) దాటిన బావిని ఈ రంగంలో హెచ్‌పీహెచ్‌టీ (అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రత) అంటారు. 205 డిగ్రీలు, 20,000 పీఎస్‌ఐ దాటితే అది అల్ట్రా తరగతి.

మనం దుకాణంలో కొనే చిప్పుల హామీ 70 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. పరిశ్రమల రకానికి 85, సైనిక రకానికి 125. మోటారు వాహనాల రకంలో పై తరగతికి మాత్రం 150 దాకా ఉంటుంది. చాలా బావుల్లో పని మొదలయ్యేదే తయారీదారు ఇచ్చే డేటాషీటు ముగిసిన చోట.

ఇక గంటలు. లాగింగ్ పరికరం (బావి పొడవునా కొలిచి నమోదు చేసేది) వైర్‌లైన్ అనే తీగ మీద దిగి, కొలిచి, కొన్ని గంటల్లో పైకి వచ్చేస్తుంది. డ్రిల్లింగ్ చేస్తూ కొలిచే పరికరం ఒక్కో విడతకు వందల గంటలు కిందే ఉంటుంది. ఉత్పత్తి గొట్టంతో పాటు దించి వదిలేసే శాశ్వత గేజ్ ఏళ్ల తరబడి అక్కడే ఉండాలి. అయిదేళ్లంటే 43,800 గంటలు. 175 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు బతికే బోర్డూ, అదే వేడిలో అయిదేళ్లు బతికే బోర్డూ ఒకే రకం వస్తువులు కావు. ధర, సోల్డర్, ప్యాకేజీ, పరీక్ష అన్నీ మారిపోతాయి. బోర్డు చేయమన్న వాళ్లు “175 డిగ్రీల గేజ్” అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోతే ఆ సమాచారంతో ఏ నిర్ణయమూ తీసుకోలేం.

పైకి తీయడం సంగతి. కొలతలను తనలోనే దాచుకునే మెమరీ గేజ్‌ను తీగతో దించి తీగతో లాగేస్తారు, అందులో బోర్డు పాడైతే ఒక రోజు పని పోతుంది. శాశ్వత గేజ్ పాడైతే దాన్ని మార్చడానికి బావి మరమ్మతుకు వాడే వర్కోవర్ రిగ్ తెచ్చి గొట్టం మొత్తం పైకి లాగాలి. దాని ఖర్చు ముందు గేజ్ ధర లెక్కలోకే రాదు. అందుకే అలాంటి గేజ్ పాడైనా చాలాసార్లు అలాగే వదిలేస్తారు.

వేడి ఏం చేస్తుంది

సిలికాన్ జంక్షన్‌లో లీకేజీ కరెంటు ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు రెట్టింపవుతుంది. 25 నుంచి 175కు వెళ్లేసరికి పదిహేను సార్లు రెట్టింపవుతుంది, అంటే 32,768 రెట్లు. గది వేడిలో ఒక నానోయాంపియర్ లీకయ్యే ఇన్‌పుట్ అక్కడ 33 మైక్రోయాంపియర్లు లీకవుతుంది. ఆ ఇన్‌పుట్ ముందు 100 కిలో ఓమ్‌ల నిరోధం ఉంటే, 0.1 మిల్లీవోల్టు ఉండవలసిన తప్పు 3.3 వోల్టులవుతుంది. సిగ్నల్ కంటే లీకేజీయే పెద్దదైపోతుంది. గదిలో చక్కగా పనిచేసిన సర్క్యూట్ ఓవెన్‌లో అర్థంలేని అంకెలు చూపించడానికి చాలాసార్లు కారణం ఇదే, చిప్పు కాలిపోయి ఉండదు.

ఎస్‌ఓఐ (ఇన్సులేటర్ మీద సిలికాన్) పద్ధతిలో తయారైన చిప్పుల్లో ట్రాన్సిస్టర్లు ఆక్సైడ్ పొర మీద పల్చటి సిలికాన్‌లో ఉంటాయి. కింది దిమ్మతో జంక్షన్ ఉండదు కాబట్టి లీకేజీకి దారి బాగా తగ్గుతుంది. 200 డిగ్రీలు దాటిన చిప్పుల్లో చాలావరకు ఈ పద్ధతివి కావడానికి కారణం అదే.

మామూలు చిప్పులను ఏరి వాడటం

125 డిగ్రీల రకం చిప్పులు యాభై కొని, బోర్డు మీద పెట్టి, 150 లేదా 165 డిగ్రీల ఓవెన్‌లో నడిపి, నిలిచినవి వాడుకోవడం. డ్రిల్లింగ్ పరికరాల రంగంలో ఇది చాలాకాలంగా ఉన్న పద్ధతే, తక్కువ చేసి చూడనవసరం లేదు. 150 డిగ్రీల లోపు, వందల గంటల్లోపు, పైకి తీయగలిగిన పరికరానికి ఇది సరిపోతుంది. విద్యార్థులకు ఇదే మొదటి మెట్టుగా సూచిస్తాను. చేతి ఖర్చులో నేర్చుకోగలిగిన దారి ఇదొక్కటే.

దీని చిక్కు ఏమిటంటే, ఈ నెలలో ఏరిన చిప్పు వచ్చే ఏడాది అదే నంబరుతో వచ్చినా లోపల డై మారి ఉండవచ్చు. తయారీదారు 125 దాకానే మాట ఇచ్చాడు, ఆ మేరకు పనిచేస్తే చాలు, ఫ్యాక్టరీ మార్చినా డై కుదించినా అతని తప్పు కాదు. కాబట్టి ఈ దారి పడితే, ఆర్డరు మొత్తానికి సరిపడా చిప్పులు ఒకే డేట్ కోడ్‌లో (తయారీ తేదీ ముద్రతో) ఒకేసారి కొని పెట్టుకోవాలి. ప్రతి బోర్డునూ విడివిడిగా ఓవెన్‌లో నడిపి చూడాలి. పదింటిలో ఒకటి పరీక్షించి మిగతావి పంపడం ఇక్కడ కుదరదు.

ప్లాస్టిక్ ప్యాకేజీ లోపల జరిగేది కూడా తెలుసుకోవాలి. బంగారు తీగ అల్యూమినియం ప్యాడ్ మీద అతికిన చోట ఆ రెండు లోహాలూ వేడికి ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి. ఊదారంగు పెళుసు పొర ఏర్పడుతుంది, దాని పక్కన సన్నటి ఖాళీలు పుడతాయి. కొన్నాళ్లకు ఆ అతుకు ఊడిపోతుంది. డై బాగానే ఉంటుంది, తీగ తెగుతుంది. ఓవెన్‌లో 20 గంటలు నడిపి చూస్తే ఈ జబ్బు బయటపడదు. అందుకే ఏరిన చిప్పులను శాశ్వత గేజ్‌లో పెట్టడానికి నేను ఒప్పుకోను.

ఫ్లాస్కు

రెండు గోడల మధ్య గాలి తీసేసిన లోహపు గొట్టంలో బోర్డు పెడతారు, టీ ఫ్లాస్కులో లోపలి వేడి బయటికి పోకుండా ఆపినట్టే ఇక్కడ బయటి వేడిని ఆపడం. లోపల వేడిని పీల్చుకోవడానికి 70 డిగ్రీల దగ్గర కరిగే ఉడ్స్ లోహం వంటి మిశ్రమం దిమ్మ పెడతారు. అది పూర్తిగా కరిగేదాకా లోపలి వేడి పెద్దగా పెరగదు. ఆ కొన్ని గంటలూ మామూలు చిప్పులే హాయిగా పనిచేస్తాయి.

లాగింగ్ పరికరానికి ఇది మంచి దారి. 200 డిగ్రీలు దాటిన బావిలో ఒక్కసారి దిగి వచ్చే పరికరానికైతే నేను మొదట దీన్నే సూచిస్తాను. శాశ్వత గేజ్‌కు మాత్రం పనికిరాదు, ఎంత మంచి ఫ్లాస్కయినా ఒకటి రెండు రోజుల్లో లోపలి వేడి బయటి వేడితో సమానమవుతుంది. పైగా బోర్డు తన కరెంటుతో తానే పుట్టించే వేడి కూడా బయటికి పోలేదు. రెండు వాట్లు తినే బోర్డుకూ అర వాటు తినే బోర్డుకూ కింద ఉండగలిగే సమయంలో పెద్ద తేడా వస్తుంది. అందుకే ఫ్లాస్కు దారి ఎంచుకున్నవాళ్లు మొదట తగ్గించుకోవలసింది కరెంటు ఖర్చును. ఇంకొకటి, పరికరం బావిలో ఇరుక్కుపోతే గంటలు దాటిపోతాయి. లాగి తీసేసరికి బోర్డు ఉడికిపోయి ఉంటుంది. ఒప్పందంలో ఈ మాట ముందే రాసుకోవడం మంచిది.

వేడికోసమే తయారైన చిప్పులు

విజయనగరం వంటి ఊళ్లోని చిన్న యూనిట్ నిజంగా ఒక వస్తువు తయారుచేసి అమ్మాలనుకుంటే, పది మార్లు ఆలోచించినా నేను చెప్పేది ఈ దారే. కాబట్టి దీని గురించి ఎక్కువ చెబుతాను.

ఈ చిప్పులు అంగడి సరుకే, డిస్ట్రిబ్యూటర్ దగ్గర దొరుకుతాయి. అనలాగ్ డివైసెస్ వాళ్ల ఏడీ8229 ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ 210 డిగ్రీలకు రేట్ చేసినది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ దగ్గర పేరు చివర హెచ్‌టీ అని ఉండే వరుస ఉంది. ఎనిమిది చానెళ్ల 24 బిట్ల ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే చిప్పు) ఏడీఎస్1278-హెచ్‌టీ 210 డిగ్రీలకు, ఆర్మ్7 కంట్రోలర్ ఎస్‌ఎం470ఆర్1బీ1ఎం-హెచ్‌టీ 220 డిగ్రీలకు ఆ వరుసలోవే. హనీవెల్ ఎస్‌ఓఐ చిప్పులు 225 డిగ్రీల దగ్గర అయిదేళ్ల జీవితం లక్ష్యంగా డిజైన్ చేసినవి. సిసాయిడ్, ఎక్స్‌-రెల్ కూడా ఇదే రంగంలో ఉన్నాయి.

ధర చూసి కళ్లు తిరుగుతాయి. మామూలు రకం కొన్ని వందల రూపాయలుండే చోట ఇవి వేలల్లో ఉంటాయి, కొన్ని పదుల వేలల్లో. కానీ డేటాషీటులో ధర కంటే ముందు చూడవలసిన గీత ఒకటుంది. 210 డిగ్రీలు అని పెద్ద అక్షరాల్లో రాసి, ఆ వేడిలో హామీ ఎన్ని గంటలకో కింద చిన్న అక్షరాల్లో రాస్తారు. చాలా చిప్పులకు అది 1,000 గంటలు, అంటే 41 రోజుల 16 గంటలు. వేడి తగ్గితే ఆయుష్షు పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో అరీనియస్ సూత్రంతో అంచనా వేస్తారు. యాక్టివేషన్ ఎనర్జీ మామూలుగా తీసుకునే 0.7 ఎలక్ట్రాన్ వోల్టులనుకుంటే, 210 దగ్గర 1,000 గంటలు 175 దగ్గర సుమారు 3,700 గంటలకు, 150 దగ్గర సుమారు 11,000 గంటలకు సమానం. 11,000 గంటలంటే ఏడాదీ మూడు నెలలు. హామీ ముగిసిన మరునాడే చిప్పు చచ్చిపోతుందని దీని అర్థం కాదు. అయిదేళ్ల గేజ్‌కు “210 డిగ్రీల చిప్పు కదా, 150కి ఢోకా ఉండదు” అని మాట ఇవ్వడానికి ఆ ఒక్క గీత చాలదని అర్థం. తయారీదారును అడిగి ఆయుష్షు వక్రరేఖ తెప్పించుకోవాలి.

మంచి చిప్పులు కొన్నాక పని అయిపోయిందనుకుంటారు. నిజానికి బావి అడుగున బోర్డులు చావడానికి కారణం చిప్పుల కంటే వాటి చుట్టూ ఉన్నవే.

మొదట సోల్డర్. మనం వాడే తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీలకు కరుగుతుంది. సీసం లేని ఎస్‌ఏసీ305 రకం 217 దగ్గర కరగడం మొదలవుతుంది. బావి 175 డిగ్రీలైతే ఇంకా 42 డిగ్రీల తేడా ఉంది కదా అనిపిస్తుంది. ఆ వేడిలో ఆ లోహం మెత్తబడి, చిన్న ఒత్తిడికే నెమ్మదిగా సాగిపోతుంది. రాగితో కలిసి పెళుసు పొర మందమవుతుంది. డ్రిల్లింగ్ కుదుపులు తోడైతే అతుకు చీలుతుంది. అందుకే 175 దగ్గర్నుంచే 93.5 శాతం సీసం, 5 శాతం తగరం, 1.5 శాతం వెండి ఉన్న సోల్డర్‌కు వెళ్తారు, అది 296 నుంచి 301 డిగ్రీల మధ్య కరుగుతుంది. దీనితో చేత్తో అతకడం వేరే విద్య. ఐరన్ వేడి బాగా పెంచాలి, ఎక్కువసేపు పెడితే ప్యాడ్ లేచిపోతుంది. ఫ్లక్స్ మాడి, అతుకు చుట్టూ గోధుమరంగు గాజులా గడ్డకడుతుంది. దాన్ని బ్రష్‌తో, ద్రావకంతో పూర్తిగా కడిగి తీరాలి. గదిలో ఆ మరక ఏ హానీ చేయదు, 175 డిగ్రీల దగ్గర అదే రెండు ప్యాడ్‌ల మధ్య కరెంటు దారి అవుతుంది. మైక్రోస్కోప్ కింద బోర్డును వాలుగా పట్టుకుని చూస్తే, చిప్పు కాళ్ల వెనకవైపు నీడలో మిగిలిపోయిన మరకలు కనిపిస్తాయి. సీసం పొగ ఒంటికి మంచిది కాదు. పొగ లాగే ఫ్యాన్ లేని గదిలో పిల్లలచేత ఈ పని చేయించకండి.

తర్వాత బోర్డు. మామూలు బోర్డు పదార్థమైన ఎఫ్‌ఆర్4ను 175 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని రోజులు ఉంచి తీయండి. ఆకుపచ్చ పూత మట్టిరంగుకు తిరుగుతుంది, తెల్ల అక్షరాలు కనబడకుండా పోతాయి, అంచుల దగ్గర పొరలు విడిపోతుంటాయి, ఓవెన్ తలుపు తీయగానే మాడిన వాసన ముక్కుకు కొడుతుంది. కంటికి కనబడని నష్టం ఇంకా పెద్దది. గ్లాస్ ట్రాన్సిషన్ (పదార్థం మెత్తబడే వేడి) దాటాక బోర్డు మందం దిశలో బాగా వ్యాకోచించి, రంధ్రాల లోపలి రాగి పూతను తెంపుతుంది. పాలీఇమైడ్ బోర్డుకు ఆ హద్దు 250 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి బావి పనికి అదే వాడాలి. దానికి మన తీరప్రాంతంలో ఒక జాగ్రత్త అదనం. పాలీఇమైడ్ తేమను ఎఫ్‌ఆర్4 కంటే ఎక్కువ పీల్చుకుంటుంది. భోగాపురం నుంచి కళింగపట్నం దాకా ఉప్పుగాలి, ఉక్కపోత ఉన్న ఊళ్లలో కవరు విప్పి రెండు రోజులు బల్ల మీద పెట్టిన బోర్డును నేరుగా అతికితే లోపలి తేమ ఆవిరై పొరలు ఉబ్బుతాయి. అతికే ముందు 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టి, ఓవెన్ నుంచి తీసిన వెంటనే పనిలో పెట్టుకోవాలి.

కెపాసిటర్ల దగ్గర మోసపోయినంత సులభంగా మరెక్కడా మోసపోరు. ఎక్స్‌7ఆర్ సిరామిక్ కెపాసిటర్ల హామీ 125 డిగ్రీల దాకానే. 200 దగ్గర వాటి విలువ సగానికి, కొన్నిసార్లు అంతకంటే కిందికి పడిపోతుంది, ఇన్సులేషన్ నిరోధం కూడా తగ్గుతుంది. సిగ్నల్ దారిలో, టైమింగ్‌లో సీ0జీ రకమే వాడండి, అది పరిమాణంలో పెద్దది, విలువలు చిన్నవి, అయినా మాట తప్పదు. పెద్ద విలువలు కావాలంటే 200 డిగ్రీలకు రేట్ చేసిన వెట్ టాంటలమ్ కెపాసిటర్లున్నాయి. మామూలు అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్‌ను ఈ పనిలో మరిచిపోవడమే మేలు. ఏ రకమైనా రేట్ చేసిన వోల్టేజీలో సగానికి మించి వాడవద్దు.

బ్యాటరీ పెట్టే మెమరీ గేజ్ అయితే ఇంకా జాగ్రత్త కావాలి. లిథియం లోహం 180.5 డిగ్రీలకు కరుగుతుంది. అందుకని మామూలు లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్ ఆ హద్దుకు చాలా కిందే ఆగాలి. 200 దాకా వెళ్లేవి లిథియం-మెగ్నీషియం మిశ్రమంతో చేసినవి. హద్దు దాటిన సెల్ పేలుతుంది, గొట్టం లోపల పేలితే పక్కనున్న మనిషికి ప్రాణాపాయం. ఇక్కడ ఏరి వాడే ప్రయోగాలు చేయకండి, డేటాషీటులో ఉన్న అంకెను ఒక్క డిగ్రీ కూడా దాటించవద్దు.

హైబ్రిడ్, సొంత ఐసీ

విడి డైలను అల్యూమినా సిరామిక్ మీద అతికి, తీగలు కట్టి, గాలి చొరని డబ్బాలో మూసేస్తే అది హైబ్రిడ్. ప్లాస్టిక్ లేదు, బోర్డు లేదు, అతుకులు తక్కువ. శాశ్వత గేజ్‌ల ఎలక్ట్రానిక్స్‌లో ఇది నమ్మకమైన దారి. కానీ డై అతకడానికీ తీగ కట్టడానికీ శుభ్రమైన గది, యంత్రాలు, చేయి తిరిగిన మనుషులు కావాలి. బయట చేయించుకుంటే మొదటి విడతకే పెద్ద ఖర్చు. ఏడాదికి వందల సంఖ్యలో ఒకే డిజైన్ అమ్ముతానన్న నమ్మకం కుదిరాక ఆలోచించవలసిన సంగతి.

సొంత ఐసీకి ఫౌండ్రీలు (ఇతరుల డిజైన్లను చిప్పులుగా చేసిచ్చే ఫ్యాక్టరీలు) ఉన్నాయి. ఎక్స్-ఫ్యాబ్ వాళ్ల 180 నానోమీటర్ల ఎస్‌ఓఐ పద్ధతి 175 డిగ్రీల దాకా, వాళ్లదే పాత ఒక మైక్రాన్ ఎస్‌ఓఐ పద్ధతి 225 దాకా పనిచేస్తాయి. చిన్న యూనిట్‌కు ఇది వద్దని సూటిగా చెబుతాను. చిప్పు అచ్చులైన మాస్కుల ఖర్చు ఒకటే కారణం కాదు. మొదటిసారి తప్పు వస్తే మళ్లీ నెలల తరబడి ఎదురుచూడాలి, ఈలోగా జీతాలు ఆగవు. పరిశోధన కోసమైతే వేరే మాట. నాసా గ్లెన్ కేంద్రం సిలికాన్ కార్బైడ్ చిప్పును శుక్రగ్రహపు ఉపరితలం వంటి వాతావరణంలో, సుమారు 460 డిగ్రీల వేడిలో, ఏ రక్షణా లేకుండా 521 గంటలు నడిపింది. ఆ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. అలాంటి పని మన కాలేజీల్లో ఎవరైనా మొదలుపెడితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కానీ వచ్చే ఏడాది అప్పగించవలసిన గేజ్‌కు అది ఆధారం కాదు.

కిందికి ఎలక్ట్రానిక్స్ దించకుండా

శాశ్వత కొలతకు ఎలక్ట్రానిక్స్ లేకుండా కూడా మార్గాలున్నాయని చాలామంది గుర్తించరు. బావి పొడవునా ఉష్ణోగ్రత కావాలంటే ఫైబర్ దించి, పైనుంచి లేజర్ కాంతి పంపి, రామన్ ప్రకీర్ణనతో (వేడిని బట్టి మారుతూ వెనక్కి చెదిరే కాంతితో) వేడిని చదవవచ్చు. కిందకు వెళ్లేది గాజు తీగే. పాలీఇమైడ్ పూత ఉన్న ఫైబర్ 300 డిగ్రీల దాకా నిలుస్తుంది. బావిలోని హైడ్రోజన్ గాజులోకి చేరి ఫైబర్‌ను మసకబార్చడం దీని ప్రధాన శత్రువు. పీడనం ఒక్కటే చాలంటే సన్నటి కేపిల్లరీ గొట్టంలో హీలియం లేదా నైట్రోజన్ నింపి, అడుగు పీడనాన్ని పైన గేజ్‌తో చదివే పాత పద్ధతి ఉంది. స్పష్టత తక్కువ, కానీ కింద చెడిపోయే చిప్పే లేదు. కేవలం పీడనం ఏ దిశగా వెళ్తోందో తెలిస్తే చాలనుకునే బావికి నేను దీన్నే ముందు సూచిస్తాను.

మధ్యే మార్గం మరొకటి ఉంది, క్వార్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్‌ను (పీడనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే స్ఫటికాన్ని) దాని ఎలక్ట్రానిక్స్‌తో సహా కొనడం. మంచి క్వార్ట్జ్ గేజ్ కచ్చితత్వం పూర్తి కొలతలో 0.02 శాతం. 10,000 పీఎస్‌ఐ గేజ్‌లో అది 2 పీఎస్‌ఐ. అందులోనే పీఎస్‌ఐలో నూరో వంతు మార్పును కూడా అది పట్టుకుంటుంది. దీన్ని మించి మనం చేయగలమని నేను అనుకోను. అలా కొన్నప్పుడు మనకు మిగిలే పని గొట్టపు తొడుగు, కేబుల్ తల, పైన ఉండే పెట్టె, సాఫ్ట్‌వేర్. పైనున్న పెట్టె మామూలు చిప్పులతోనే నడుస్తుంది. వచ్చిన అంకెలను రిజర్వాయర్ ఇంజినీరుకు పనికొచ్చేలా చూపించడం, కేబుల్ తెగితే వెంటనే చెప్పడం, పిడుగుల నుంచి కాపాడుకోవడం వంటివి మన దగ్గర బాగా చేయగల వాళ్లున్నారు. శాశ్వత గేజ్ ఆర్డరుతో వచ్చేవాళ్లకు నేను చెప్పే సమాధానం ఇదే: అడుగున ఉండేది కొనండి, పైన ఉండేది మీరు చేయండి.

ఎంచుకున్నాక

క్లుప్తంగా నా ఎంపిక ఇది. విద్యార్థులైతే 150 డిగ్రీల లోపు, ఏరిన చిప్పులతో. 200 దాటిన బావిలో కొన్ని గంటల లాగింగ్ అయితే ఫ్లాస్కు. 175 దాకా వందల గంటల పని, పైకి తీయగలిగినది అయితే వేడి రకం చిప్పులు, పాలీఇమైడ్ బోర్డు, అధిక సీసం సోల్డర్. ఏళ్ల తరబడి అయితే క్వార్ట్జ్ గేజ్ కొనడం లేదా ఫైబర్.

పరీక్షకు ఓవెన్ కొనేటప్పుడు జనరేటర్, ఇన్వర్టర్ ఖర్చు కూడా కలిపి లెక్కవేయండి. 1,000 గంటల పరీక్ష మధ్యలో కరెంటు పోతే ఓవెన్ చల్లబడి మళ్లీ వేడెక్కుతుంది, అది బోర్డుకు అదనపు దెబ్బ, పరీక్ష పోలికే మారిపోతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాను రోజులు కాబట్టి, దీర్ఘ పరీక్షలను వేసవికి ముందు మొదలుపెట్టుకోండి. ఓవెన్ లోపలికి వెళ్లే తీగలు పీటీఎఫ్‌ఈ పూత ఉన్నవే కావాలి, పీవీసీ కరిగి కారుతుంది. వేడి కొలిచే థర్మోకపుల్ కట్టడం తెలిసిన మనిషి కోసం వెతకనక్కర్లేదు. గరివిడి, బొబ్బిలి ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీల్లో కొలిమి దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ఇక్కడే ఉన్నారు. వేడిలో తీగ ఎలా నడపాలో వాళ్లకు పుస్తకం చదివిన వాళ్లకంటే బాగా తెలుసు.

చిప్పులు తెప్పించడానికి పట్టే కాలాన్ని తక్కువగా అంచనా వేయకండి. 125 డిగ్రీలకు పైన పనిచేసేలా రేట్ చేసిన మైక్రోప్రాసెసర్లు, మెమరీలు, ఏడీసీల వంటి ఐసీలకు అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో విడిగా పద్దు ఉంది. లైసెన్సు కావాలా వద్దా అన్నది చిప్పును బట్టి ఉంటుంది. చివరికి వాడేది ఎవరు, ఎక్కడ, దేనికి అని పత్రం అడుగుతారు. బావి ఎవరిదో, పరికరం ఎక్కడ దిగుతుందో స్పష్టంగా రాసి, కొనేవాళ్ల సంతకంతో సహా ఆర్డరు పెట్టే ముందే సిద్ధం చేసుకోండి. 2017 నుంచి మన దేశం కూడా ఆయుధాలు, ద్వంద్వ వినియోగ వస్తువుల ఎగుమతిని నియంత్రించే వాసెనార్ ఏర్పాటులో సభ్యురాలే. రేపు మీ గేజ్‌ను బయటి దేశానికి అమ్మాలనుకుంటే మన సొంత స్కోమెట్ ఎగుమతి నియంత్రణ జాబితా కూడా చూసుకోవాలి.

ధర చెప్పమని అడిగేవాళ్లను, ఆ బావిలో చివరిసారి లాగింగ్‌లో నమోదైన అడుగు ఉష్ణోగ్రత, డ్రిల్లింగ్‌లో వాడే మట్టి ద్రవం తిప్పడం ఆపిన ఎన్ని గంటలకు కొలిచారన్నదీ కాగితం మీద అడగండి. ద్రవం తిరుగుతున్నప్పుడు బావి చల్లగా ఉంటుంది, ఆపాక నెమ్మదిగా అసలు వేడికి చేరుతుంది. ఆపిన వెంటనే కొలిచిన అంకెను నమ్మి 150 డిగ్రీల బోర్డు అప్పగిస్తే, నెల తర్వాత అది 165 డిగ్రీల్లో కూర్చుని ఉండవచ్చు. ఆ కాగితం వచ్చేదాకా ధర చెప్పకండి.